బస్సు ఇంటికి రూఫ్ వెంట్ ఫ్యాన్: పెట్టినా వేడి ఎందుకు తగ్గట్లేదు?

పాత స్కూల్ బస్సు కొని, సీట్లు పీకేసి, మంచం, వంటగట్టు, సామాన్ల అరలు పెట్టుకుని ఇల్లులా మార్చుకున్నవాళ్ళకి మొదటి ఎండాకాలంలోనే ఎదురయ్యేది వేడి. దానికి అందరూ చెప్పే మందు ఒకటే, కప్పుకి వెంట్ ఫ్యాన్ పెట్టు అని. పెట్టినవాళ్ళలో కొంతమంది బస్సు మారిపోయిందంటారు, కొంతమంది ఇంత ఖర్చు పెట్టి కప్పు కోసినా మధ్యాహ్నం లోపల కూర్చోలేకపోతున్నాం అంటారు. చిత్రమేంటంటే రెండు బస్సుల్లోనూ ఉన్నది ఒకే మోడల్ ఫ్యాన్ అయ్యుండొచ్చు. తేడా ఎక్కడొస్తోందన్నదే ఇక్కడ విషయం.

క్లుప్తంగా: వెంట్ ఫ్యాన్ చల్లదనాన్ని తయారు చెయ్యదు, లోపలి వేడి గాలిని బయటికి తోసేసి ఆ చోటులోకి బయటి గాలిని రప్పిస్తుంది, అంతే. అందుకే బయటి వేడి కన్నా లోపలి వేడి కిందకి దిగదు. ఫ్యాన్ పనితనం దాని రేటింగ్ కన్నా రెండు విషయాల మీద ఎక్కువ ఆధారపడుతుంది: గాలి లోపలికొచ్చే దారి, కప్పు గుండా దిగే ఎండ. మొదటి ఫ్యాన్‌తో లాభం పెద్దది. మూడోది, నాలుగోది పెట్టే డబ్బుతో నీడ, తెల్ల పెయింట్, ఇన్సులేషన్ (వేడిని అడ్డుకునే పొర) ఎక్కువ పని చేస్తాయి.

## బస్సు అంతలా ఎందుకు కాగుతుంది

పది మీటర్ల పొడవు, రెండుంపావు మీటర్ల వెడల్పు బస్సు అనుకుంటే కప్పు వైశాల్యం 22, 23 చదరపు మీటర్లు ఉంటుంది. నిర్మలమైన ఆకాశం ఉన్న మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకి దగ్గరదగ్గర 1000 వాట్ల ఎండ పడుతుంది, అంటే కప్పు మీద మొత్తం 20 కిలోవాట్లు దాటే పడుతోందన్నమాట. ఇందులో కొంత తిరిగి వెనక్కి వెళ్ళిపోతుంది, కప్పు పీల్చుకున్నదాంట్లో కూడా చాలాభాగం బయటి గాలికి, ఆకాశానికి పోతుంది, మిగిలింది కిందకి దిగుతుంది. ఆ మిగిలిందే అసలు సమస్య.

ఇంటి గోడకీ బస్సు గోడకీ ఉన్న తేడా ఏంటంటే బస్సుది పల్చటి ఉక్కు రేకు. పైగా కప్పు కింద అడ్డంగా, వంపుగా ఉక్కు రిబ్స్, అంటే పక్కటెముకల్లాంటి కమ్ములు, ఉంటాయి, బస్సు బోల్తా పడితే కప్పు నలిగిపోకుండా కాపాడేవి అవే. రిబ్స్ మధ్యలో ఎంత మంచి ఇన్సులేషన్ కూరినా పై రేకు నుంచి కింది సీలింగ్ రేకు దాకా వేడి ఈ రిబ్స్ మీదుగా నేరుగా దిగిపోతుంది. అందుకే రిబ్స్ మధ్య మాత్రమే కాకుండా వాటి మీదుగా కూడా ఒక పొర వేసినవాళ్ళ బస్సుల్లో తేడా తెలుస్తుంది. ఇక కిటికీల సంగతి చెప్పక్కర్లేదు, స్కూల్ బస్సుకి రెండువైపులా వరసగా అద్దాలే, వాటికి లోపలివైపు కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే లోపలికి వచ్చేసినట్టు లెక్క, అదే తెర బయటివైపు కడితే అద్దం దాకా కూడా రాదు.

ఇంకొకటి చాలామంది పట్టించుకోనిది. కాగిన సీలింగ్ నుంచి వేడి గాలితో పనిలేకుండా నేరుగా మనిషి మీదకి ప్రసరిస్తుంది. థర్మామీటర్‌లో గాలి 33 డిగ్రీలే చూపించినా తల మీద 45 డిగ్రీల రేకు ఉంటే ఒంటికి అంతకన్నా ఎక్కువగానే అనిపిస్తుంది. ఫ్యాన్ ఎంత తిప్పినా ఈ వేడిని నేరుగా ఆపలేదు, సీలింగ్ కాగకుండా చూసుకోవడం ఒక్కటే దారి.

బస్సుకి కలిసొచ్చే విషయం కూడా ఒకటుంది. ఇటుక గోడల్లా వేడిని గంటలకొద్దీ దాచుకునేంత బరువు దానికి లేదు కాబట్టి, పొద్దుగూకాక కప్పు చకచకా చల్లబడుతుంది. వెంట్ ఫ్యాన్ నిజంగా అద్భుతంగా పనిచేసేది అప్పుడే. సాయంత్రం బయటి గాలి చల్లబడి లోపల ఇంకా వేడి గాలి ఇరుక్కుని ఉన్నప్పుడు పది నిమిషాల్లో తేడా చూపిస్తుంది.

## లెక్క చూస్తే అర్థమయ్యేది

ఇలాంటి బండ్ల కోసం వచ్చే ఫ్యాన్లు ఉత్తర అమెరికా కొలతల్లో అయితే 14 అంగుళాల చదరపు రంధ్రంలో కూర్చుంటాయి, యూరప్ వెంట్లకి ఎక్కువగా 40 సెంటీమీటర్ల చదరం. మ్యాక్స్‌ఫ్యాన్, ఫాంటాస్టిక్ లాంటి పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. మంచి మోడల్స్ ఫుల్ స్పీడులో నిమిషానికి సుమారు 900 ఘనపుటడుగుల గాలి, అంటే 900 సీఎఫ్ఎం, తోస్తాయని రాసుంటుంది. మీటర్లలో చెప్తే నిమిషానికి 25 ఘనపు మీటర్లు. పైన చెప్పిన బస్సు లోపలి గాలి మొత్తం 44 ఘనపు మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి కాగితం మీద రెండు నిమిషాల లోపే బస్సు గాలంతా మారిపోవాలి. దోమతెర, సగం తెరిచిన మూత, చాలీచాలని కిటికీ సందు, ఇవన్నీ అడ్డుపడి అసలు ప్రవాహం అందులో సగమే వస్తుందనుకుందాం.

గాలి వేడిని మోసే శక్తి లెక్కలో 900 సీఎఫ్ఎం అంటే, లోపలి గాలి బయటికన్నా ఎక్కువ ఉన్న ఒక్కో డిగ్రీకి సుమారు 500 వాట్ల వేడి బయటికి పోతుంది. సగం ప్రవాహమైతే 250 వాట్లు. ఇప్పుడు ఉదాహరణకి కప్పు, అద్దాలు, గోడలు అన్నీ కలిపి లోపలికి 3000 వాట్ల వేడి దిగుతోందనుకోండి. ఒక ఫ్యాన్ ఉంటే లోపల బయటికన్నా 12 డిగ్రీలు ఎక్కువ దగ్గర నిలకడకి వస్తుంది. రెండు ఫ్యాన్లయితే 6, మూడైతే 4, నాలుగైతే 3. గోడల గుండా తిరిగి బయటికి పోయే వేడిని ఇందులో కలపలేదు, కలిపితే అంకెలు కాస్త తగ్గుతాయి గానీ తీరు మాత్రం ఇదే.

రెండో ఫ్యాన్ 6 డిగ్రీలు తగ్గించింది, నాలుగోది ఒక్క డిగ్రీ. నాలుగో ఫ్యాన్‌కీ రంధ్రం కొయ్యాల్సిందే, సీలెంట్ (నీళ్ళు కారకుండా సందులు మూసే ముద్ద) రాయాల్సిందే, వైరు లాగాల్సిందే, కారుతుందేమోనని భయపడాల్సిందే, ఇంతా చేసి ఒక్క డిగ్రీ. అదే కప్పుకి తెల్ల పెయింట్ కొట్టి, అద్దాలకి బయట తెరలు కట్టి, దిగే వేడిని 3000 నుంచి 1500 వాట్లకి తెచ్చుకుంటే ఒకే ఒక్క ఫ్యాన్‌తో 6 డిగ్రీల దగ్గర ఆగుతుంది. వేడిని సగం చెయ్యడమూ ఫ్యాన్లని రెట్టింపు చెయ్యడమూ లెక్కలో ఒకటే, కాకపోతే పెయింట్‌కి బ్యాటరీ అక్కర్లేదు.

## గాలి ఎటునుంచి రావాలి

ఫ్యాన్ నిరాశపరిచిన బస్సుల్లో ఎక్కువసార్లు లోపం ఫ్యాన్‌లో ఉండదు, కిటికీలో ఉంటుంది. కిటికీలన్నీ మూసేసి ఎగ్జాస్ట్ తిప్పితే మోటార్ అరుస్తుంది గానీ గాలి కదలదు, ఎందుకంటే బయటికి పోయినంత గాలీ ఎక్కడో ఒకచోట లోపలికి రావాలి. అన్నీ తెరిచినా ఇబ్బందే. ఫ్యాన్‌కి దగ్గర్లో ఉన్న కిటికీ నుంచి వచ్చిన గాలి నేరుగా ఫ్యాన్‌లోకి వెళ్ళిపోతుంది, అవతలి చివర మంచం దగ్గర గాలి నిలవే ఉండిపోతుంది. ఫ్యాన్‌కి దూరంగా, నీడవైపున, ఒకటి రెండు కిటికీలు మాత్రం తెరిస్తే గాలి బస్సు పొడవునా ప్రయాణం చేస్తుంది.

స్కూల్ బస్సు కిటికీల్లో ఒక తిరకాసు ఉంది. వాటికి పైసగం అద్దం కిందకి జారుతుంది, అంటే తెరుచుకునేది పైభాగమే. గాలి పైనుంచే వచ్చి పైనుంచే పోతుంది, మంచం ఎత్తులో ఏ కదలికా ఉండదు. దీనికోసం కొందరు ఒక కిటికీ తీసేసి కిందివైపు తెరుచుకునే వెంట్ పెడతారు, కొందరు తలుపు కిందిభాగంలో జాలీ పెడతారు. నేలకి రంధ్రం చేసి బండి కింద నీడలోని గాలి లాగడం కూడా చేస్తారు. ఆలోచన బాగానే ఉంది గానీ దుమ్ము, పక్క బండ్ల పొగ, ఎలకలు అన్నీ ఆ దారినే వస్తాయి కాబట్టి మెష్, మూత లేకుండా చేస్తే తలనొప్పే.

మోటార్ రెండువైపులా తిరిగే ఫ్యాన్లు ఉంటాయి కాబట్టి గాలిని పైనుంచి లోపలికి లాగితే కాదా అనే ప్రశ్న వస్తుంది. పగటిపూట ఇది మంచి పద్ధతి కాదు. కాగిన రేకుని ఆనుకుని ఉన్న గాలి చుట్టుపక్కల నీడలోని గాలి కన్నా వేడిగా ఉంటుంది, దాన్నే తెచ్చి నెత్తిన పోసుకున్నట్టవుతుంది. పైగా బస్సు లోపల అన్నిటికన్నా వేడి గాలి చేరేది వంపు కప్పు మధ్యభాగంలో, ఫ్యాన్ ఉండేదీ అక్కడే, కాబట్టి బయటికి తోస్తే ఫ్యాన్‌కి వేడి గాలి సులువుగా దొరుకుతుంది. రెండు ఫ్యాన్లుంటే పగలు రెండూ బయటికి, నీడవైపు కిటికీ నుంచి లోపలికి. రాత్రి వాన వల్లో, భయం వల్లో కిటికీలు మూసుకోవాల్సి వస్తే అప్పుడు ఒకటి లోపలికి, ఒకటి బయటికి తిప్పుకోవచ్చు.

## ఒంటికి గాలి తగలడం వేరే పని

కొవ్వొత్తిని ఊది ఆర్పొచ్చు, గాలి పీల్చి ఆర్పలేం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ సంగతీ అంతే, అది అన్నివైపుల నుంచీ కొంచెంకొంచెం గాలి లాగుతుంది, రెండడుగులు దూరం జరిగితే ఒంటికి ఏమీ తెలీదు. మనిషికి చల్లగా అనిపించాలంటే చర్మం మీద గాలి ఆడాలి, చెమట ఆరాలి. అందుకే వెంట్ ఫ్యాన్‌తో పాటు మంచం దగ్గర, పనిచేసుకునే బల్ల దగ్గర చిన్న 12 వోల్టుల క్లిప్ ఫ్యాన్ పెట్టుకుంటేనే రెండూ కలిసి పని పూర్తవుతుంది. వెంట్ ఫ్యాన్ బస్సుని చూసుకుంటుంది, క్లిప్ ఫ్యాన్ మనిషిని చూసుకుంటుంది.

దీనికీ ఒక హద్దుంది. గాలి చర్మం కన్నా వేడెక్కేకొద్దీ అది వేడిని తీసుకుపోయే బదులు తెచ్చిపెడుతుంది. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తుంది. గాల్లో తేమ బాగా ఉంటే చెమట సరిగ్గా ఆరదు కాబట్టి ఒంటికి ఊరట ఇంకా తగ్గుతుంది. అలాంటి చోట్ల వెంట్ ఫ్యాన్లు ఎన్ని పెట్టాలి అనేది అసలు ప్రశ్నే కాదు, ఏసీ పెట్టుకోవడమో బండి నీడలోకి, ఎత్తైన ప్రాంతానికి తీసుకెళ్ళడమో చెయ్యాలి. పొడి వాతావరణంలో మాత్రం కూలర్ మధ్యేమార్గంగా పనికొస్తుంది, కూలర్ తడి గాలిని బయటికి పంపడానికి వెంట్ కూడా తెరిచి ఉండాలి.

## కప్పు కొయ్యడం

ముందు చూడాల్సింది రిబ్స్. బయటినుంచి కప్పు మీద రివెట్ల వరసలు కనిపిస్తాయి, వాటి కిందే రిబ్స్ ఉంటాయి. 14 అంగుళాల రంధ్రం మామూలుగా రెండు రిబ్స్ మధ్య సరిపోతుంది. సరిపోకపోతే జాగా మార్చుకోవాలి గానీ రిబ్ కొయ్యకూడదు, బోల్తా పడితే ప్రాణం నిలబెట్టేది అదే.

చాలా స్కూల్ బస్సులకి కప్పు మీద ఎమర్జెన్సీ హ్యాచ్‌లు ముందే ఉంటాయి. వాటి స్థానంలో రేకు పలక బిగించి అందులో ఫ్యాన్ పెడితే కొత్త రంధ్రం పని తప్పుతుంది, జాగా కూడా సరిగ్గా మధ్యలోనే ఉంటుంది. అయితే ఇది బయటపడే దారిని మూసెయ్యడం. మంచం కట్టి వెనక తలుపు కూడా మూసేసిన బస్సులో మంటలు లేస్తే ఎటు వెళ్ళాలో ముందే ఆలోచించుకోవాలి. రెండు హ్యాచ్‌లుంటే మంచానికి దగ్గర్లోది వదిలేసి ఇంకోదాన్ని వాడుకోవడం మేలు.

కోత పనిలో ఇబ్బంది కోసేటప్పుడు కాదు, కోశాక వస్తుంది. నాలుగు మూలల్లో డ్రిల్ చేసి, మెటల్ బ్లేడ్ వేసిన జిగ్‌సాతో కోస్తుంటే సన్నటి ఉక్కు రజను కప్పంతా పడుతుంది. వేడి మీద పడిన రజను పెయింట్‌లోకి అతుక్కుంటుంది, ఒక్క వాన పడితే చాలు ప్రతి రేణువు చుట్టూ తుప్పు మచ్చ తేలుతుంది. అదే రోజు అయస్కాంతంతో, వ్యాక్యూమ్‌తో మొత్తం ఎత్తెయ్యాలి. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా చేసి తుప్పు పట్టని ప్రైమర్ కొట్టాకే ఫ్రేమ్ పెట్టాలి, ఆ అంచు మళ్ళీ కంటికి కనిపించదు కాబట్టి చాలామంది అక్కడే బద్ధకిస్తారు.

ఫ్యాన్ ఫ్రేమ్ అంచులు చదునుగా ఉంటాయి, బస్సు కప్పు వంపుగా ఉంటుంది. స్క్రూలతో బలవంతంగా కిందకి లాగితే ప్లాస్టిక్ ఫ్రేమ్ వంకర తిరిగి మూత సరిగ్గా పడదు, లేకపోతే పగులుతుంది. వంపుకి తగ్గట్టు చెక్కిన అడాప్టర్ పెట్టడమో, ఖాళీ ఉన్నవైపు బ్యూటైల్ టేపు (నీళ్ళు చొరకుండా అంటించే జిగురు టేపు) రెండు మూడు పొరలు వెయ్యడమో చెయ్యాలి. బ్యూటైల్ మెత్తటిది కాబట్టి స్క్రూలు ఒకేసారి బిగించకుండా కొంత బిగించి, కాసేపాగి, టేపు సర్దుకున్నాక మళ్ళీ బిగిస్తే అంచుల్లోంచి సమంగా బయటికొస్తుంది. ఆ పైన స్క్రూ తలలు మునిగేలా రూఫ్ సీలెంట్. తనంతట తానే పరుచుకునే రకం సీలెంట్ చదును కప్పుకి బాగుంటుంది, వాలు ఉన్నచోట జారి కిందకి కారుతుంది, అక్కడ చిక్కటి రకం వాడాలి. మామూలు సిలికాన్ వద్దనేది ఎందుకంటే అది ఒకసారి పట్టాక రిపేరు కోసం పైన ఇంకేది రాసినా అంటుకోదు.

మూత కీలు బండి ముందువైపు ఉండాలి, నోరు వెనక్కి తెరుచుకోవాలి. తిరగేసి పెట్టి, మూత వెయ్యడం మర్చిపోయి రోడ్డెక్కితే ఎదురుగాలికి మూత ఎగిరిపోతుంది. వానలో కూడా నడిచేలా పైన డిప్ప ఉన్న మోడల్స్ ఉన్నాయి, కాస్త ఖరీదెక్కువైనా వాన కురుస్తుంటే కిటికీలు మూసుకుని ఉక్కపోతలో కూర్చునే బాధ తప్పుతుంది.

సోలార్ ప్యానెళ్ళతో కూడా పేచీ వస్తుంది. ప్యానెల్‌లో సెల్స్ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి తెరిచిన మూత నీడ ఒక మూల పడినా కరెంటు నీడ పడినంత మేర కన్నా చాలా ఎక్కువ పడిపోతుంది. రంధ్రం కొయ్యకముందే రెండింటి జాగాలూ కలిపి గీసుకోవాలి. అదే ప్యానెళ్ళని కప్పుకి కొన్ని అంగుళాల ఎత్తులో, కింద గాలి ఆడేలా బిగిస్తే అవే గొడుగులా పనికొస్తాయి.

## కరెంటు ఎంత తింటుంది

వెంట్ ఫ్యాన్ల అసలు బలం ఇక్కడుంది. ఫుల్ స్పీడులో మోడల్‌ని బట్టి 12 వోల్టుల దగ్గర 3 నుంచి 5 ఆంప్స్, అంటే 60 వాట్ల లోపే. తక్కువ స్పీడులో అర ఆంప్ కూడా దాటనివి ఉన్నాయి, రాత్రంతా పది గంటలు తిప్పినా బ్యాటరీ నిలవలోంచి 5 ఆంప్-అవర్లే (ఆంప్స్‌ని గంటలతో గుణిస్తే వచ్చేది) పోతాయి. బండి కప్పుకి పెట్టే 13,500 బీటీయూ (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ సుమారు 1300 నుంచి 1500 వాట్లు లాగుతుంది, 100 ఆంప్-అవర్ల లిథియం బ్యాటరీ ఒకటి కంప్రెసర్ ఆగకుండా నడిస్తే గంట కూడా రాదు. ఏసీ ఉన్నవాళ్ళకి కూడా ఫ్యాన్ ఉపయోగమే: ముందు పది నిమిషాలు ఫ్యాన్‌తో కాగిన గాలిని తోసేసి, ఆపి, మూత వేసి, అప్పుడు ఏసీ వెయ్యాలి. రెండూ కలిపి నడిపితే చల్లబరిచిన గాలినే బయట పారబోసినట్టు.

వైరు దగ్గర పిసినారితనం పనికిరాదు. బ్యాటరీ నుంచి ఫ్యాన్ పది మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 20 మీటర్ల రాగి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 4 ఆంప్స్ పోతే దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది, 12లో అది చిన్న నష్టం కాదు, ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది. 2.5 అయితే అర వోల్టు చిల్లరతో సరిపోతుంది. ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి, బ్యాటరీ కూడా ఇంజన్ స్టార్ట్ చేసేది కాకుండా ఇంటి అవసరాలకి పెట్టుకున్నదై ఉండాలి, లేకపోతే పొద్దున బండి కదలదు.

## పొయ్యి ఉన్న బస్సులో

కిటికీలు మూసి ఎగ్జాస్ట్ తిప్పినప్పుడు బస్సు లోపల ఒత్తిడి కొంచెం తగ్గుతుంది, గాలి ఏ సందు దొరికితే ఆ సందులోంచి వస్తుంది. కట్టెల పొయ్యి గొట్టం, గ్యాస్ గీజర్ పొగగొట్టం కూడా అలాంటి సందులే. బయటికి పోవాల్సిన పొగ వెనక్కి లోపలికి వస్తుంది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే దానికి వాసనా ఉండదు రంగూ ఉండదు. మంట వెలుగుతున్నప్పుడు ఫ్యాన్ వెయ్యాలంటే ఒక కిటికీ బాగా తెరిచి ఉండాలి, పడుకునేచోట కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఫ్యాన్ గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది వదిలేసే విషయం ఇదే, నిజానికి వేడి కన్నా ముందు చూసుకోవాల్సింది ఇది.

అలాగని వంటప్పుడు ఫ్యాన్ వద్దని కాదు. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నర పైచిలుకు నీటి ఆవిరి పుడుతుంది, చలికాలంలో అదంతా ఉక్కు రేకు లోపలివైపు నీళ్ళై కారి ఇన్సులేషన్ వెనక తుప్పు పట్టిస్తుంది. తక్కువ స్పీడులో ఫ్యాన్, ఒక కిటికీ సందు, రెండూ కలిస్తే ఆ తడి బయటికి పోతుంది.

## రెండో రంధ్రానికి ముందు

ఒక ఫ్యాన్ పెట్టాక ఇంకోటి కావాలా అనేది అంచనాతో కాకుండా కొలిచి తేల్చుకోవచ్చు. రెండు మామూలు థర్మామీటర్లు చాలు, ఒకటి బయట నీడలో, ఒకటి లోపల మంచం ఎత్తులో ఎండ తగలకుండా. ఎండ బాగా ఉన్న రోజు మధ్యాహ్నం మూడింటికి, ఫ్యాన్ ఫుల్ స్పీడులో గంటసేపు నడిచాక రెండింటి తేడా చూడాలి. తర్వాత కిటికీలు మార్చి, అంటే దగ్గరివి మూసి దూరంగా నీడవైపువి తెరిచి, మళ్ళీ చూడాలి. తెరిచిన కిటికీ దగ్గర పల్చటి కాగితం ముక్క పట్టుకుంటే అది లోపలివైపు గట్టిగా లాగబడుతోందో లేదో కూడా తెలిసిపోతుంది.

తేడా 8, 10 డిగ్రీలు ఉంటే రెండో ఫ్యాన్ బాగానే ఉపయోగపడుతుంది, అయినా ముందు నీడ, తెల్ల పెయింట్ చూసుకోవడం చవక. తేడా 3 డిగ్రీలకి వచ్చేసిందంటే రెండో ఫ్యాన్ ఎంత బాగా పనిచేసినా ఒకటిన్నర డిగ్రీ దగ్గర ఆగిపోతుంది, అప్పుడు ఆ డబ్బు క్లిప్ ఫ్యాన్లకో, సీలింగ్ ఇన్సులేషన్‌కో పెట్టడం నయం.